సముద్రం తిన్న తల్లిగారిల్లు

భూమి గుండ్రంగా ఉందంటేనే లచ్చవ్వ నమ్మేది కాదు. అలాంటి మనిషికి, ఒక ఊరు ఊరంతా కొంచెం కొంచెంగా సముద్రంలోకి జారిపోయిందని చెబితే ఎలా ఎక్కుతుంది? ఎక్కలేదు. కానీ చెప్పింది మేబుల్ దొరసాని. సిద్దిపేట మిషను బంగళాలో ముప్పై ఏళ్ళకు పైబడి మందులిచ్చి, సగం ఊరికి కాన్పులు చేసిన మనిషి. ఆమె నోట అబద్ధం రాదని లచ్చవ్వకు తెలుసు. అందుకని నమ్మనూలేక, నమ్మకుండా ఉండనూలేక, ఆ బంగళా వంటింట్లో రొట్టెలు చేసుకుంటూ కాలం గడిపింది.

దొరసానిది ఇంగ్లండులో సఫోక్ అనే జిల్లా. ఒళ్ళూ బుద్ధీ సరిగా ఉన్న రోజుల్లో ఆమె పొద్దుగూకే వేళకు వంటింట్లోకి వచ్చి పీట వేసుకుని కూర్చునేది. పళ్ళెంలో జొన్నపిండిని అరచేత్తో చదును చేసి, వేలితో గీతలు గీసేది.

"ఇగ సూడు లచ్చవ్వా. ఇది మా జిల్లా. గిటు తూరుపుదిక్కంత సముద్రం. పొద్దు నీళ్ళల్లకెల్లి పొడుస్తది."

"నీళ్ళల్ల మునిగిన పొద్దు ఆరిపోదా దొరసానీ?"

"ఆరిపోయినట్టే ఉంటది మా కాడ. ఎండ మొత్తం మీ కాడనే అయిపోతది, మాకేం మిగలది," అని నవ్వేది దొరసాని. ఆమె తెలుగు బళ్ళో నేర్చింది కాదు, కాన్పుల గదుల్లో నేర్చింది. కళ్ళు మూసుకుని వింటే దుబ్బాక దిక్కు ముసలమ్మ ఎవరో మాట్లాడుతున్నట్టే ఉండేది.

పిండిలో ఇక్కడ బురదనేలలు, వాటిలో తుంగ, ఆ తుంగతో ఇళ్ళకు కప్పులు. ఇక్కడ పెద్ద రెక్కలతో గాలికి తిరిగే మరలు. అవి పిండి విసరవట, పొలాల్లో నీళ్ళు తోడి అవతల పారబోస్తాయట. వానచుక్క కోసం ఆకాశం వైపు చూసి చూసి మెడలు పట్టేసే దేశంలో పుట్టిన లచ్చవ్వకు, నీళ్ళు పారబోయడానికి మర పెట్టినవాళ్ళ తెలివి మీద అప్పుడే అనుమానం వచ్చింది. ఇక్కడేమో సాలెల ఊర్లు. ఒకనాడు ఆ నీలిబట్ట దేశదేశాలకు పోయేదట, ఇప్పుడు మగ్గం చప్పుడే లేదట. అది మాత్రం లచ్చవ్వకు తేలిగ్గా అర్థమైంది. దుబ్బాకలో ఆమెకు తెలిసిన సాలెవాళ్ళు లేరా ఏం? ఇక అంచు పొడుగునా చేపల రేవులు. చలి మొదలవగానే ఆడపిల్లలు వేళ్ళకు గుడ్డపేలికలు చుట్టుకుని, కుప్పల కొద్దీ చేపల కడుపులు చీరి ఉప్పేసేవాళ్ళట.

ఆ అంచు దగ్గరికి వచ్చేసరికి దొరసాని గొంతు తగ్గేది. అక్కడ పాతకాలంలో పెద్ద రేవుపట్నం ఉండేదట. ఎన్నో గుళ్ళు, బజార్లు. సముద్రం ఏడాదికి ఇంత అని ఒడ్డును కొరుక్కుంటూ వచ్చి ఒక్కొక్క గుడినీ కిందికి లాగేసిందట. గాలి ఎదురైనప్పుడు నీళ్ళ అడుగున గంటలు మోగుతాయని ముసలివాళ్ళు చెప్పుకుంటారట. దానికి దగ్గర్లోనే దొరసాని వాళ్ళ ఊరు. ఆమె పిండి అంచును వేలితో గీరి గీరి పక్కకు తోసేది.

"గిట్ల. ప్రతి చలికాలం గింత తింటది."

"చాలు తియ్, పిండి కరాబైతది," అని లచ్చవ్వ ఆ పిండిని పోగుచేసి, వేడినీళ్ళు పోసి పిసికి, చప్పుడయ్యేలా రొట్టె తట్టేది. సముద్రం తినగా మిగిలిన సఫోక్‌ను వాళ్ళిద్దరూ కారం అద్దుకుని తినేవాళ్ళు.

సాలెల సంగతి తప్ప లచ్చవ్వకు ఆ కథల్లో దేనికీ తలా తోకా దొరకలేదు. యుద్ధానికి ముందు ఒకసారి దొరసాని పేపరు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. వాళ్ళ జిల్లాలో ఏదో దిబ్బ తవ్వితే ఓడ బయటపడిందట. వెయ్యేళ్ళకు ముందటి రాజును ఓడతో సహా పూడ్చారట. కర్రంతా చివికిపోయి మట్టిలో ఓడ అచ్చు మాత్రం మిగిలిందట. లచ్చవ్వ మొగుడు దుర్గయ్య బంగళా బండి తోలేవాడు. అతనికి ఈ సంగతి చెబితే, "బండిని ఎవడన్న బొంద వెడ్తడానే? ఎద్దులు ఏం గావాలె?" అని ఆ రోజంతా నవ్వాడు.

ఇదంతా మంచిరోజుల ముచ్చట. యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలానికి దొరసాని మతి చెదిరిపోయింది. మందు సీసాల పేర్లు మరిచింది. తర్వాత లచ్చవ్వ పేరు తప్ప మనుషుల పేర్లన్నీ మరిచింది. పొద్దు వాలితే వరండాలోకి వచ్చి, బయట తాటికమ్మల గలగల విని, "సముద్రం సప్పుడు ఇనవడ్తున్నదా? పా లచ్చవ్వా, ఇంటికి పోదాం," అనేది. ఒకనాడు ఆ ఇల్లు ఉన్నట్టే చెప్పేది. గోడలకు గులాబీరంగు సున్నం, వంటింట్లో తల్లి చేపలకు ఉప్పేస్తోంది, పోవాలి, ఆలస్యమైందని చెప్పులు వెతికేది. మర్నాడు ఏడ్చేది. "మా ఇల్లు వడిపోయింది లచ్చవ్వా. వంటిల్లు సగం మిగిలింది. పొయ్యి గాలిల ఏలాడుతున్నది." ఉన్నది ఏది, పోయింది ఏది? లచ్చవ్వ తల గిర్రున తిరిగేది.

అయితే ఇల్లు మునగడమంటే ఏమిటో లచ్చవ్వకు తెలియదని కాదు. మంజీర మీద నిజాం సర్కారు కట్ట కట్టినప్పుడు నీళ్ళలోకి పోయిన ఊళ్ళలో ఆమె తల్లిగారి ఊరూ ఒకటి. అన్నదమ్ములు తలో దిక్కు పోయారు. ఒక గడ్డు ఎండాకాలం నీళ్ళు వెనక్కి తగ్గాయని విని, మొగుడితో పోట్లాడి మరీ అక్కడికి పోయింది. బురదలో మొండిగోడలు, సగం కూరుకుపోయిన తమ ఇంటి విసుర్రాయి. ఆ రాయి పక్కన కూర్చుని కాసేపు ఏడ్చి తిరిగొచ్చింది. ఎందుకు పోయినవని దుర్గయ్య అడిగినా, దొరసాని అడిగినా ఏం చెప్పాలో ఆమెకే తెలియలేదు.

ఊరు మునిగిన ఆ ఏడే ఇంకో సంగతి జరిగింది. పెళ్ళయిన ఆడబిడ్డను తల్లిగారు పిలిచి ఒడిబియ్యం పోస్తారు కదా. తల్లిగారే లేకపోతే పోసేదెవరు? ఇది తెలుసుకుని మేబుల్ దొరసాని ఒక రోజు గిన్నె నిండా బియ్యం పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. "నేను పోస్త పట్టు నీ ఒడి," అంది. లచ్చవ్వ రెండడుగులు వెనక్కి వేసింది. "నువ్వెట్ల పోస్తవు దొరసానీ? నువ్వు మా తల్లిగారు గాదు గదా!" అంది. దొరసాని ముఖం చిన్నబోయింది. గిన్నె అక్కడ పెట్టి పోయింది. ఆ పూట ఆ బియ్యమే వండి వడ్డించింది లచ్చవ్వ. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత ఎన్నోసార్లు అనుకుంది.

మిషను బడి పంతులు ఇశ్రాయేలు ఒక ఉదయం వచ్చి వంటింటి గడపలో నిలబడ్డాడు.

"లచ్చవ్వా, పెద్ద దవాఖాన కెల్లి కొత్త డాక్టరు దొర శుక్రవారం వస్తుండు. దొరసానిని ఒక్కటే మాట అడుగుతడట, నీ ఇల్లేడ అని. ఇంగ్లండంటే ఓడెక్కిస్తరు. ఇదే నా ఇల్లంటే ఈడనే ఉండనిస్తరు. బలిమి చెయ్యరు."

లచ్చవ్వ చేతిలో రొట్టె ఆగిపోయింది. "ఆడ ఇల్లు లేదు పంతులూ. సముద్రం తిన్నది. గా మాట నువ్వు దొరకు చెప్పు."

"ఇల్లు లేకుంటేంది? ఊరుంటది, జిల్లా ఉంటది, సొంత మనుషులుంటరు. ఆమె రోజూ ఇంటికి పోదాం, ఇంటికి పోదాం అంటున్నది గదా." ఇశ్రాయేలు కొంచెం ఆగి, గొంతు తగ్గించాడు. "నీ కొలువు పోతదని నీ బుగులు. నాకు ఎరిక లేదా?"

ఆ మాట లచ్చవ్వ గుండెలో ముల్లులా దిగింది. అబద్ధమైతే తిట్టి పంపేది. కానీ అది సగం నిజం. దొరసాని పోతే బంగళాకు తాళం పడుతుంది, ఈ వయసులో తనూ దుర్గయ్యా ఎక్కడికి పోవాలి? మరి ఆమెను ఉండనివ్వమని అడగడం తన కూటి కోసమా, ఆమె కోసమా? ఆ మనిషి ఇంటికి పోతానని ఏడుస్తుంటే అడ్డం పడటం పాపం కాదా? లేని ఇంటికి పంపడం మాత్రం పుణ్యమా? కుడితిలో పడ్డ ఎలుకలా ఆ రెండు రోజులూ లచ్చవ్వ కొట్టుకుంది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది, ఆ తర్వాతి పూట అసలు వేయనే లేదు.

గురువారం నాడు వెనకింటి రాములవ్వ తన బిడ్డ బాలమణికి ఒడిబియ్యం పోసింది. దొరసాని ఊళ్ళో ఏ ఒడిబియ్యానికి పిలిచినా పోయేది, చాపకు ఆ చివర కూర్చుని అన్నీ కళ్ళార్పకుండా చూసేది. ఈసారి ఎవరూ పిలవకుండానే చప్పుడు విని లేచి పోయింది. లచ్చవ్వ వెంట పరుగెత్తింది. బాలమణి పీట మీద కూర్చుంది. తల్లి పసుపు కలిపిన బియ్యం దోసిళ్ళతో ఒళ్ళో పోసింది, ఎండుకొబ్బరి కుడుకలు, పోకచెక్కలు, రవికెగుడ్డ పెట్టింది. బాలమణి అందులోంచి కొన్ని దోసిళ్ళు తిరిగి తల్లి కొంగులో వేసి, "నా తల్లిగారిల్లు సల్లగుండాలె," అంది. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. కాసేపటికి ఒడి ముడి వేసుకుని బండెక్కింది.

లచ్చవ్వ చూసింది బాలమణిని కాదు, దొరసానిని. వారం నుంచి తనను కూడా పేరు పెట్టి పిలవని మనిషి, "కుడుకలు ముందుగాల వెట్టాలె, పోకలు ఎన్క," అని రాములవ్వకు దిద్ది చెబుతోంది. కళ్ళలో ఆ తడబాటే లేదు.

అప్పుడు తట్టింది లచ్చవ్వకు. ఒడి నింపిన ఇల్లు తల్లిగారిల్లు కాక ఇంకేమవుతుంది? దొరసాని ఒడి ఈ వరండాలోనే, ఆ డాక్టరు చూస్తుండగా నింపితే? ఇల్లేదని అడిగితే ఆమె ఇంక ఏ ఇంటి పేరు చెబుతుంది? అరచేతిలో వైకుంఠం కనబడింది లచ్చవ్వకు. ఆ సంబరంలో ఒడిబియ్యం సగమే చూసింది, తక్కిన సగం ఎదురుగా జరిగి బండెక్కి పోయినా ఆమె కంటికి ఆనలేదు.

మొగుడికి చెబితే కండువాతో మూతి మూసుకుని నవ్వాడు. "పెండ్లిగాని ముసల్దానికి ఒడిబియ్యమా? పదిమంది నవ్విపోతరే."

"పెండ్లిగాకుంటే ఆమెకు ఉండేదే తల్లిగారిల్లు గదా! అత్తగారిల్లు ఏడున్నది?" అంది లచ్చవ్వ. దుర్గయ్య కండువా దులుపుకుని ఎద్దుల దగ్గరికి పోయాడు.

శుక్రవారం పొద్దెక్కాక జీపు వచ్చింది. అప్పటికే వరండాలో ముగ్గు, ముగ్గు మీద పీట, పీట మీద దొరసాని. ఆమె తొడుక్కున్నది గౌను. గౌనుకు కొంగెక్కడిది? దుబ్బాక తువాల ఒకటి ఆమె నడుముకు చుట్టి ఒడి చేసింది లచ్చవ్వ. డాక్టరు దొర పాతికేళ్ళ కుర్రవాడు, ఎండకు ముఖం కందిపోయి ఉంది. మెట్ల దగ్గరే ఆగి ఇదేమిటన్నట్టు చూశాడు. ఇశ్రాయేలు సిగ్గుతో సగమై ఏదో ఇంగ్లీషులో సర్దిచెప్పాడు.

లచ్చవ్వ దోసిలి నిండా పసుపుబియ్యం తీసి పోసింది. మళ్ళీ పోసింది. కుడుకలు ముందు పెట్టింది, పోకలు వెనక. దొరసాని కళ్ళు ఆ బియ్యం మీదే ఉన్నాయి.

డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కుని మెత్తగా అడిగాడు. దొరసానికి ఇంగ్లీషు అర్థం కాలేదో, వినబడలేదో, పలకలేదు. ఇశ్రాయేలు తెలుగులో అడిగాడు. "అమ్మా, నీ ఇల్లేడ?"

దొరసాని లచ్చవ్వ వైపు తిరిగింది. ఒళ్ళోంచి దోసిలితో బియ్యం తీసి, "కొంగు వట్టు," అంది. లచ్చవ్వ తెలియకుండానే కొంగు పట్టింది. ఒక దోసిలి పడింది, దాని మీద కుడుకతో పాటు ఇంకొకటి, ఇంకొకటి. "నా తల్లిగారిల్లు సల్లగుండాలె," అంది దొరసాని. గొంతు ఎక్కడా తడబడలేదు.

ఇశ్రాయేలు ఆ మాటను డాక్టరుకు ఇంగ్లీషులో చెప్పాడు. డాక్టరు ముఖం విప్పారింది. దొరసాని భుజం మీద చెయ్యి వేసి ఏదో అన్నాడు. "ఇదే ఇల్లన్నది గదా, ఇగ ఈడనే ఉండనీ అంటుండు," అని ఇశ్రాయేలు లచ్చవ్వతో అన్నాడు. లచ్చవ్వకు కాళ్ళు నేల మీద ఆనలేదు. గెలిచింది. తన కూటి కోసమో, ఆమె కోసమో, ఇప్పుడు ఎవరికి కావాలి ఆ లెక్క?

దొరసాని తువాల అంచులు కూడదీసి ఒడి ముడి వేసుకుంది. లేచి నిలబడింది. చెప్పులు తొడుక్కుని మెట్లు దిగింది. ఎవరికీ ఏమీ అర్థం కాకముందే ఎండలో నడిచిపోయి జీపెక్కి కూర్చుంది.

లచ్చవ్వ బియ్యం ఉన్న కొంగు గుండెకు హత్తుకుని పరుగెత్తింది. "ఏడికి దొరసానీ? ఇదే నా తల్లిగారిల్లని నువ్వే అంటివి గదా!"

"అంటి గదనే. గందుకే పోతున్న. ఒడి నింపినంక తల్లిగారింట్ల బిడ్డ ఇంక ఎన్నొద్దులుంటది?"

లచ్చవ్వకు అప్పుడు కనబడింది ఒడిబియ్యంలో తను చూడని తక్కిన సగం. ఒడి నింపేది ఉంచుకోవడానికి కాదు, సాగనంపడానికి. తన చేతులతో తనే సాగనంపింది. ఇంక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి ఇన్నాళ్ళూ ఆమె ముందు అనకుండా నోట్లోనే ఉంచుకున్న మాట బయటికి వచ్చేసింది.

"ఆడ ఇల్లు లేదమ్మా! సముద్రం తిన్నది. ఏమున్నదని పోతవు?"

దొరసాని ఆమెను చూసింది. ఎరిగిన చూపో, ఎరగని చూపో. "మంజీరల ఏమున్నదని పోయినవు నువ్వు?" అంది.

డాక్టరూ ఇశ్రాయేలూ వచ్చి చెప్పి చూశారు, దించబోయారు. ఆమె ఒడి ముడిని రెండు చేతులా పట్టుకుని, "పొద్దెక్కుతున్నది, తొవ్వల ఎండైతది," అనడమే తప్ప కదల్లేదు. డాక్టరు చివరికి, వెంట ఉండి పంపించే మనిషిని తాను చూస్తానని ఇశ్రాయేలుతో అన్నాడు. దుర్గయ్య ట్రంకుపెట్టె తెచ్చి జీపులో పెట్టాడు. అతనికి ఈసారి నవ్వు రాలేదు.

ఇంగ్లండు ఆమెకు పుట్టిన దేశం. మరి తల్లిగారిల్లు ఇదైతే, అది అత్తగారిల్లు అయినట్టేనా? పెళ్ళి లేని అత్తగారిల్లు, గోడలు లేని అత్తగారిల్లు. లచ్చవ్వ బుర్ర అక్కడికి పోయి ఆగిపోయింది. జీపు గేటు దాటింది. దొరసాని వెనక్కి తిరిగి చూడలేదు. ఒడి నింపుకున్న ఆడబిడ్డ వెనక్కి చూడకూడదు కాబట్టి చూడలేదా, వెనక ఉన్నది ఎవరో మరిచిపోయి చూడలేదా? లచ్చవ్వ దుమ్ము అణిగే దాకా నిలబడింది. ఎంతసేపు నిలబడినా అది తేలలేదు.

రాములవ్వ బిందె చంకన పెట్టుకుని అటుగా వచ్చింది. నడి ఎండలో, కొంగు నిండా పసుపుబియ్యంతో, ఏడుస్తూ నిలబడ్డ మనిషిని చూసి ఆగిపోయింది. లచ్చవ్వ కొంగులో బియ్యం పడి ఎన్నేళ్ళయిందో రాములవ్వకూ తెలుసు.

"ఏందే లచ్చవ్వా, ఒడిబియ్యమా? ఎవలు పోసిండ్రే నీకు?"

లచ్చవ్వ కొంగులోకి చూసుకుంది. దొరసాని వేళ్ళకు అంటిన పసుపు ఒక కుడుక మీద మరకలా ఉంది. ఎవరు ఎవరికి పోశారో, ఎవరు ఎవరి బిడ్డో ఆమెకు ఇంకా తెలియలేదు. కానీ ఒకనాడు నోరు జారి కాదన్న మాటకు ఇప్పుడు జవాబు దొరికింది.

"మా తల్లిగారు," అంది.